కేబులు పోయినా ఫరవాలేదు, పోర్టు పోకూడదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: ఫోను కొని ఏడాదిన్నర అయింది. ఈలోగా రెండు కేబుళ్లు పోయాయి. ఇప్పుడు ఫోనులో కేబులు పెట్టే టైప్-సి పోర్టు వదులై, కేబులును ఒక పక్కకు ఒత్తి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతోంది. రోజుకు నాలుగైదు సార్లు పెట్టి తీయడం వల్ల అరిగిపోయిందా? టైప్-సి అసలు నాసిరకమా? షాపులో చెప్పినట్టు బోర్డు మార్చాల్సిందేనా? చివర్లో అమ్మగారి పాత ఫోను గురించి కూడా ఒక మాట అడిగారు.

బోర్డు మార్పించే ముందు ఒక్క రోజు ఆగండి. గుంటూరులో పంతొమ్మిదేళ్లుగా మరమ్మతు బల్ల ముందు కూర్చుంటున్నాను. "పోర్టు వదులైంది" అంటూ నా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావాటికి పోర్టు వదులై ఉండదు, నిండిపోయి ఉంటుంది. జేబులోని నూలు నూగు, ఇంటి దుమ్ము కొంచెం కొంచెంగా లోపల చేరతాయి. కేబులు పెట్టిన ప్రతిసారీ ప్లగ్గు వాటిని దిమ్మిసతో కొట్టినట్టు అడుక్కి కొడుతుంది. ఏడాది తిరిగేసరికి పోర్టు అడుగున గట్టి అట్టలాంటి పొర ఏర్పడుతుంది. అది అర మిల్లీమీటరు మందమున్నా చాలు, కేబులు నిలవదు. ఎందుకంటే టైప్-సి ప్లగ్గు లోపల రెండు పక్కలా చిన్న స్ప్రింగు కొక్కేలుంటాయి. ఫోను పోర్టు మధ్యలో ఉండే సన్నని నాలుకకు రెండు పక్కలా గాట్లుంటాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లినప్పుడే కొక్కేలు గాట్లలో పడి "టక్" మంటుంది. అడుగున నూగు ఉంటే ఆ చివరి కొంచెం దూరం వెళ్లదు, కొక్కెం పట్టదు. చేతికి వదులుగా తోస్తుంది. మీరు పక్కకు ఒత్తినప్పుడు పిన్నులు ఎలాగో తగిలి ఛార్జింగ్ మొదలవుతుంది.

చూసి తెలుసుకునే దారి ఉంది. ముందు వెనక కవరు తీసేయండి. మందపాటి కవరు అంచు ప్లగ్గును ఆపేసి ఇదే లక్షణాన్ని చూపిస్తుంది, అది తీయగానే సమస్య మాయమైన ఫోన్లు నేను ఎన్నో చూశాను. తర్వాత కేబులు పెట్టి, ప్లగ్గు ప్లాస్టిక్ అంచుకూ ఫోనుకూ మధ్య ఎంత లోహం బయట కనిపిస్తోందో చూడండి. అదే కేబులును ఇంట్లో ఉన్న మరో టైప్-సి ఫోనుకు పెట్టి పోల్చండి. మీ ఫోనులో సందు ఎక్కువగా ఉంటే లోపల ఏదో అడ్డుంది.

శుభ్రం చేయడం ఇలా. ఫోను పూర్తిగా ఆపేయండి. పళ్లు కుట్టుకునే చెక్క పుల్లను బ్లేడుతో పల్చగా చెక్కండి. పోర్టులోకి టార్చి వెలుతురు వేసి, నాలుకకు పైనా కిందా ఉన్న సందుల్లో పుల్లను అడుగు దాకా దించి, ఒక అంచు నుంచి నూగును నెమ్మదిగా గీకి బయటికి లాగండి. నాలుక మీద ఒత్తిడి పడకూడదు, దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకేసారి రాదు, ఓపిగ్గా నాలుగైదు సార్లు లాగాలి. సూది, పిన్నీసు, సిమ్ తీసే పిన్ను వద్దు. అక్కడి పిన్నుల మీద ఉన్న బంగారు పూత మైక్రాన్లలో కొలవాల్సినంత పల్చన. సూది దాన్ని గీరేస్తే కింద ఉన్న నికెలు, రాగి బయటపడి చిలుము పడతాయి. నోటితో ఊదడం కూడా వద్దు, ఉమ్మి తేమ లోపలికి పోతుంది. జిడ్డుగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మా షాపుల్లో ఐపీఏ అంటాం, దాన్ని మెత్తని బ్రష్షు కొసకు కొంచెం తడిపి రాసి, పూర్తిగా ఆరనిచ్చాకే ఫోను ఆన్ చేయాలి. దాని బదులు శానిటైజరు వాడకండి. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, జిగురు మిగిలిపోతుంది.

ఇది చేశాక కేబులు "టక్" మని కూర్చుని, ఫోను ఎత్తి మెల్లగా ఊపినా జారకపోతే మీ పోర్టు బాగానే ఉన్నట్టు. బోర్డు ఖర్చు తప్పినట్టే.

ఇక అరుగుదల సంగతి. టైప్-సి ప్రమాణం ప్రకారం కనెక్టరు 10,000 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలి. రోజుకు నాలుగైదు సార్లు అంటే అయిదున్నర నుంచి దాదాపు ఏడేళ్లు. ఏడాదిన్నరలో మీరు పెట్టి తీసింది 2,800 సార్లు కూడా ఉండదు. కాబట్టి లెక్క ప్రకారం మీది అరిగిపోయే వయసు కాదు. అయితే ఆ 10,000 ఎలా లెక్కపెడతారో తెలుసుకోవాలి. యంత్రం గంటకు 500 సార్లకు మించకుండా ప్లగ్గును తిన్నగా లోపలికి తోస్తూ, తిన్నగా బయటికి లాగుతూ ఉంటుంది. అంటే ఇరవై గంటల్లో పరీక్ష పూర్తవుతుంది. ఆ ఇరవై గంటల్లో చెమట జేబు ఉండదు, మిరప పొడి ఉండదు, కేబులు పట్టుకుని ఫోనును లాగే పిల్లవాడు ఉండడు. ప్రమాణంలో తేమకూ వేడికీ వేరే పరీక్షలున్నాయి, కానీ అవన్నీ ఒకే పోర్టు మీద రోజూ, కలిసికట్టుగా, ఏళ్ల తరబడి పడేది మన చేతుల్లోనే. నా బల్ల మీదికి వచ్చిన పాడైన పోర్టులను చూసి చెబుతున్నాను: లెక్కకు మించి పెట్టి తీయడం వల్ల పోయినవి బహు తక్కువ. పక్క వాటు ఒత్తిడి, దుమ్ము, తేమ, ఈ మూడిటితో పోయినవే ఎక్కువ.

టైప్-సి నాసిరకమా అన్నారు. కాదు. దీని వెనుక ఉన్న ఆలోచన అర్థమైతే కేబుళ్ల మీద మీకున్న కోపం కూడా కొంత తగ్గుతుంది. ఏ కనెక్టరులోనైనా అరిగేది స్ప్రింగులా వంగే భాగం. కంప్యూటరుకు పెట్టే పాత వెడల్పాటి యూఎస్‌బీకి ప్రమాణం 1,500 సార్లే. తర్వాత వచ్చిన మినీ యూఎస్‌బీకి 5,000. 2007లో మైక్రో యూఎస్‌బీ వచ్చినప్పుడు ఇంజనీర్లు ఒక మంచి పని చేశారు. వంగి అరిగే స్ప్రింగులను, పట్టి ఉంచే కొక్కేలను ఫోను వైపు నుంచి కేబులు వైపుకు మార్చారు. ఫోనులో కదలని చదును పిన్నులు మాత్రమే మిగిలాయి. లెక్క 10,000కు చేరింది. 2014లో వచ్చిన టైప్-సి కూడా అదే దారిలో నడిచింది. పోయేదేదో కేబులులోనే పోవాలి, ఫోను దక్కాలి అన్నది ఇందులోని ఉద్దేశం. బలంగా పక్కకు విరిచినా ముందు ప్లగ్గు విరగాలి, ఫోనులోని పోర్టు కాదు అని కూడా ఆ ప్రమాణంలో ఉంది. అందువల్ల మీ రెండు కేబుళ్లు పోవడం నాకు ఆశ్చర్యంగా లేదు. వదులైన, వంగిన ప్లగ్గును ఇంకా కొన్నాళ్లు వాడదామని పోర్టులో కుక్కడమే నన్ను బాధపెట్టేది. వంద, రెండు వందల రూపాయల వస్తువును కాపాడబోయి వేల రూపాయల వస్తువును అరగదీసుకుంటాం.

ఆపిల్ 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5తో తెచ్చిన లైట్నింగ్ కనెక్టరులో ఈ ఏర్పాటు తలకిందులుగా ఉంటుంది. కేబులు కొస గట్టి పలక, స్ప్రింగు పిన్నులు ఫోను లోపల. దాంట్లో విరగడానికి మధ్యలో నాలుక లేదు, శుభ్రం చేయడం తేలిక. కానీ స్ప్రింగు పిన్ను నలిగితే అది ఫోనులోని పిన్ను. ఏది గట్టిది అని నన్ను చాలామంది అడుగుతారు. లైట్నింగ్ ఫోన్ల పోర్టులు నూగుకు ఓర్చుకున్నంతగా టైప్-సి ఓర్చుకోదు, ఆ మాట ఒప్పుకుంటాను. అరుగుదల విషయంలో మాత్రం టైప్-సి ఏర్పాటే సరైనదని నా అభిప్రాయం. పైగా ఇప్పుడు వాదించి లాభం లేదు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15తో ఆపిల్ కూడా టైప్-సికి మారింది. ఐరోపా సమాఖ్య చట్టం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్లన్నిటికీ దీన్నే తప్పనిసరి చేసింది.

పెద్దవాళ్లు నోకియా సన్న పిన్ను రోజులు గుర్తు చేసుకుంటారు. నిజమే, అది గట్టిది. గుండ్రంగా ఉండేది, ఎటు తిప్పినా వెళ్లేది, లాగితే చుట్టూ తిరిగేది తప్ప విరిగేది కాదు. అయితే అందులో ఉన్నవి రెండే స్పర్శలు, వెళ్లే కరెంటు కొద్దిపాటిది. టైప్-సిలో 8.34 మిల్లీమీటర్ల వెడల్పు, 2.56 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సందులో 24 పిన్నులు, రెండు వరుసల్లో, అర మిల్లీమీటరుకు ఒకటి చొప్పున కూర్చుంటాయి. అంత చిన్న చోట అంత పని జరుగుతుంటే దానికి కొంత శ్రద్ధ కావాలి.

ఇప్పుడు కేబుళ్లు. నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను.

తెగిన కేబుళ్లు నా బల్ల కింద ఒక డబ్బా నిండా ఉంటాయి. ఖాళీ దొరికినప్పుడు కోసి చూస్తుంటాను. బావి చేద తాడు బొక్కెన ముడి దగ్గర తెగినట్టే, ఇవీ దాదాపు అన్నీ ప్లగ్గు మెడ దగ్గరే తెగుతాయి. కారణం సులువైనదే. గట్టిగా కదలని ప్లగ్గు, మెత్తగా వంగే తీగ, ఈ రెండూ కలిసే చోట వంపంతా ఒక్క చోటే పడుతుంది. లోపలి తీగ అంటే వెంట్రుకల్లాంటి రాగి పోగుల కట్ట. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే మొదట గట్టిపడి తర్వాత పుటుక్కున తెగుతుంది కదా, రాగి పోగులూ అంతే. ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. సగం పోగులు తెగేదాకా మీకు ఏమీ తెలియదు. ఆ తర్వాత ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, మెడ దగ్గర వెచ్చబడుతుంది, ఆపైన "ఇలా వంచి పెడితేనే ఎక్కుతుంది" అనే దశ వస్తుంది. ఆ దశలో ఉన్న కేబులును తలగడ కింద, దుప్పటి కింద ఉంచకండి. మిగిలిన రెండు మూడు పోగులు మొత్తం కరెంటును మోస్తుంటాయి, వేడి అక్కడే పుడుతుంది.

మెడ దగ్గర రబ్బరు తొడుగు పొడవుగా, మెత్తగా, కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతూ ఉంటే వంపు అంత పొడవునా పంచుకుంటుంది. కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే. పైన నూలు అల్లికలా నైలాను అల్లిన కేబుళ్లు చూడటానికి గట్టిగా కనిపిస్తాయి. ఆ అల్లిక తొడుగు చిరగకుండా, రాపిడి తగలకుండా కాపాడుతుంది, అంతవరకు మంచిదే. లోపలి పోగులు వంగి తెగడాన్ని మాత్రం అది ఆపలేదు. పైపెచ్చు లోపల తెగింది బయటికి కనిపించదు. అరమిడ్ పీచు, అంటే తూటా కవచాల్లో వాడే గట్టి పీచు, రాగితో పాటు లోపల వేసిన కేబుళ్లు లాగుడుకు బాగా నిలుస్తాయి.

రాగి మందం ఇంకో ముఖ్య సంగతి. కేబులు తొడుగు మీద కొన్నిటికి 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని ముద్రించి ఉంటుంది. ఏడబ్ల్యూజీ అంటే తీగ లావును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ తీగ లావు. 28 తీగ ఒక మీటరుకు సుమారు 0.21 ఓమ్ నిరోధం చూపుతుంది. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబులులో 0.42 ఓమ్. 2 ఆంపియర్లు పంపితే దారిలోనే దాదాపు 0.85 వోల్టు పోతుంది. ఛార్జరు 5 వోల్టులు ఇస్తే ఫోనుకు చేరేది 4.15. నిండుతున్న బ్యాటరీకి అది చాలదు, ఫోను తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. మీరేమో ఛార్జరు పాడైందనుకుంటారు. అదే 24 తీగ అయితే పోయేది 0.34 వోల్టు మాత్రమే. కొన్ని చవక కేబుళ్లలో రాగి బదులు అల్యూమినియం తీగకు రాగి పూత పూస్తారు. నిరోధమూ ఎక్కువ, వంపుకు త్వరగా తెగుతుంది కూడా. చేతిలో పట్టుకుంటే అనుమానం వచ్చేంత తేలిగ్గా ఉంటుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఒక కొస పాత వెడల్పాటి యూఎస్‌బీ, ఇంకో కొస టైప్-సి ఉన్న కేబులులో 56 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. ఛార్జరు నుంచి ఎంత లాగవచ్చో ఫోనుకు చెప్పేది అదే. దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెడితే, ఫోను ఎదుట ఉన్న చిన్న ఛార్జరును 3 ఆంపియర్లది అనుకుని లాగేస్తుంది. గూగుల్ ఇంజనీరు బెన్సన్ లెంగ్ 2015 చివరి నుంచి ఇలాంటి కేబుళ్లను కొని పరీక్షించి, ఏది సరైనదో ఏది కాదో అందరికీ చెబుతూ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో అలా పరీక్షిస్తున్న ఒక కేబులులో కరెంటు తీగా గ్రౌండు తీగా తారుమారై ఉండటంతో ఆయన ల్యాప్‌టాప్ పాడైపోయింది. మరుసటి నెలలోనే ప్రమాణానికి సరిపోని టైప్-సి కేబుళ్లు తమ దగ్గర అమ్మకూడదని అమెజాన్ నిబంధన పెట్టింది. కేబులు అంటే తీగ ముక్కే కదా అనే మాట టైప్-సితో చెల్లదని అప్పుడే తేలింది. రెండు కొసలా టైప్-సి ఉన్న మామూలు కేబులు 3 ఆంపియర్ల దాకా మోస్తుంది. ప్రమాణం ప్రకారం 5 ఆంపియర్లకు లోపల చిన్న గుర్తింపు చిప్పు ఉండి తీరాలి. మీ ఫోను కంపెనీకి సొంత వేగ ఛార్జింగ్ పద్ధతి ఉంటే దానితో వచ్చిన కేబులునే వాడండి, పోతే అదే రకం కొనండి. అవి ఎక్కువ కరెంటు కోసం లావు తీగలతో చేసినవి.

మీ ఇంట్లో స్విచ్‌బోర్డు ఎక్కడుంది? ఈ ప్రశ్న నేను ప్రతివారినీ అడుగుతాను. మన ఇళ్లలో స్విచ్‌బోర్డులు భుజం ఎత్తున ఉంటాయి. ఫోనుతో వచ్చే కేబులు మీటరు. కింద బల్ల మీదికి అందదు. దాంతో ఫోనును స్విచ్‌బోర్డు మీద ఓరగా నిలబెడతాం, లేదా గాలిలో వేలాడదీస్తాం. రెండు వందల గ్రాముల ఫోను రోజూ గంటన్నర కేబులు మీద వేలాడితే ప్లగ్గు మెడా పోతుంది, దాని కొక్కేలూ వదులవుతాయి. గోడకు తగిలించే ప్లాస్టిక్ ఫోను స్టాండు కొనండి, లేదా కింద దాకా వచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోండి. కేబులు జీవితాన్ని పెంచే పరికరాల్లో ఇంతకన్నా చవకైనది నాకు తెలియదు.

పడుకుని ఫోను గుండెల మీద ఆనించి, కింద కేబులు మడతపడేలా చూడటం కూడా అంతే చేటు. ప్లగ్గు ఒక మీటలా పనిచేసి లోపలి నాలుకను పైకి ఎత్తుతుంది. పవర్ బ్యాంకునూ ఫోనునూ కేబులుతో సహా ఒకే జేబులో దూర్చినా ఇదే జరుగుతుంది. మీరు పిల్లల ఆటల కోసం ఛార్జింగ్‌లో ఉండగానే ఫోను ఇస్తుంటే, మెడ ఎల్ ఆకారంలో వంగి ఉన్న కేబులు తీసుకోండి.

తేమ గురించి చెప్పకపోతే మా ప్రాంతం వారు ఊరుకోరు. నిజాంపట్నం హార్బరు నుంచి వేట పడవల వాళ్లు తెచ్చే ఫోన్లలో పిన్నులు పచ్చగానో నల్లగానో మారి ఉంటాయి. ఉప్పు తేమ ఉన్నచోట వోల్టేజి పడితే లోహం కరిగిపోతుంది, ముఖ్యంగా కరెంటు తెచ్చే ధన పిన్ను. తడి ఒక్కటే అయితే ఆరిపోతుంది, తడితో పాటు కరెంటు కూడా ఉంటే పిన్నును తినేస్తుంది. కాబట్టి తడిసిన ఫోనును ఛార్జింగ్ పెట్టకూడదు. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తట్టి, గాలి తగిలే చోట ఉంచండి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు పట్టినా పట్టవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టకండి. ఆపిల్ కూడా తన వినియోగదారులకు ఇదే చెబుతోంది, బియ్యపు నూక, పొడి లోపలికి పోతాయి.

ఇందులో చాలామందికి తెలియని ఒక చిన్న విషయం ఉంది. రెండు కొసలా టైప్-సి ఉన్న కేబులును టైప్-సి ఛార్జరుకు పెట్టి వదిలేస్తే, ఫోను తగిలేదాకా ఆ కొసలో వోల్టేజి ఉండదు. పాత వెడల్పాటి కొస ఉన్న కేబులు అలా కాదు. స్విచ్ వేసి ఉన్నంతసేపూ వేలాడే కొసలో 5 వోల్టులు ఉంటాయి. అది వంటగట్టు మీద తడి చోట పడినా, చెమట చెయ్యి తగిలినా పిన్ను నల్లబడటం మొదలవుతుంది. నల్లబడిన ప్లగ్గు ఫోను పిన్నునూ పాడుచేస్తుంది. స్పర్శ దగ్గర నిరోధం 0.1 ఓమ్‌కు పెరిగి 3 ఆంపియర్లు వెళితే, బియ్యపు గింజంత చోట 0.9 వాటు వేడి పుడుతుంది. ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కడానికి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడానికి కారణం ఇదే. ఫోను తీయగానే స్విచ్ ఆపేయండి.

మిర్చి యార్డులో, జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు నేను పోర్టుకు పెట్టే చిన్న రబ్బరు బిరడా ఇస్తాను. అయస్కాంతపు కొసల కేబుళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వను. ఫోనులో ఒక ముక్క శాశ్వతంగా పెట్టి, దానికి కేబులు అతుక్కునేలా చేసేవి అవి. పిన్నులు బయటికి తేలి ఉంటాయి, ఇనుప రజను అతుక్కుంటుంది, టైప్-సి ప్రమాణంలో వాటికి చోటు లేదు. తీగ లేని ఛార్జింగ్ మీ ఫోనులో ఉంటే రాత్రి పూట దాన్ని వాడి పోర్టుకు విశ్రాంతి ఇవ్వవచ్చు. కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది, అంతే.

శుభ్రం చేసినా సమస్య పోకపోతే ఏమి చేయాలో కూడా చెబుతాను. ముందు ఛార్జరు అదే ఉంచి కేబులు మార్చండి. తర్వాత కేబులు అదే ఉంచి ఛార్జరు మార్చండి. ఒకేసారి రెండూ మారిస్తే ఏది దోషో తేలదు. ఆపైన ప్లగ్గును తిప్పి పెట్టి చూడండి. రెండు మూడు మంచి కేబుళ్లతో కూడా ఒక వైపు పెడితే వేగంగా, తిప్పి పెడితే నెమ్మదిగా ఎక్కుతుంటే ఫోను నాలుక మీద ఒక వైపు పిన్ను పాడైందన్నమాట. ఒక్క కేబులుతోనే అలా జరిగితే ఆ కేబులును పారేయండి. పోర్టులోకి టార్చి వేసి చూస్తే నాలుక ఒక పక్కకు వంగి ఉండటం, చిట్లి ఉండటం కనిపిస్తే ఇక మార్పించాల్సిందే. అప్పుడు వాయిదా వేయకండి.

మార్పించేటప్పుడు ఒకటి అడగండి: పోర్టు వేరే సీసీ బోర్డు (ఛార్జింగ్ కనెక్టరు కోసం విడిగా ఉండే చిన్న బోర్డు) మీద ఉందా, మెయిన్ బోర్డుకే అతికి ఉందా? చాలా ఫోన్లలో అది అడుగున ఉండే చిన్న సీసీ బోర్డు మీద ఉంటుంది, విప్పి మార్చడం అరగంట పని. మెయిన్ బోర్డుకు ఉంటే వేడి గాలితో ఊడదీసి కొత్తది అతికించాలి, దానికి చేయి తిరిగిన మనిషి కావాలి. చవక సీసీ బోర్డులతో ఫోను ఛార్జ్ అవుతుంది గాని వేగ ఛార్జింగ్ రాకపోవచ్చు. పైగా మైకు కూడా చాలావాటిలో అదే బోర్డు మీద ఉంటుంది. అందుకని డబ్బు ఇచ్చే ముందు షాపులోనే నాలుగు పనులు చేయండి: వేగ ఛార్జింగ్ అని తెర మీద వస్తోందా, ప్లగ్గును రెండు వైపులా తిప్పి పెట్టినా వస్తోందా, అవతలివారికి మీ మాట స్పష్టంగా వినిపిస్తోందా, కంప్యూటరుకు పెడితే ఫైళ్లు కనిపిస్తున్నాయా. ఫోనును విప్పాక లోపలి జిగురు పట్టీ మునుపటిలా ఉండదు. నీళ్లు తట్టుకుంటుందని రాసి ఉన్న ఫోనైనా ఆ తర్వాత నీళ్లకు దూరంగా ఉంచండి.

చివరిగా అమ్మగారి ఫోను. మైక్రో యూఎస్‌బీ అన్నారు, ప్లగ్గును తరచూ తిరగేసి పెడుతున్నారని అన్నారు. ఆ వయసులో చత్వారంతో ఆ సన్నని ప్లగ్గులో పైనా కిందా తేడా పోల్చుకోవడం కష్టం. తిరగేసి బలవంతంగా తోస్తే ఫోనులోని నాలుక విరిగిపోతుంది, మైక్రో పోర్టుల్లో నేను ఎక్కువగా చూసే దెబ్బ అదే. మీ ఇంట్లో గోళ్ల రంగు ఉంటుంది. ప్లగ్గును సరిగ్గా పెట్టి, పైకి కనిపించే వైపు ప్లగ్గు మీద ఒక ఎర్ర చుక్క, ఫోను అంచున అదే వైపు ఇంకో ఎర్ర చుక్క పెట్టండి. రెండూ ఆరాక అమ్మగారి చేతికిచ్చి, చుక్కా చుక్కా ఒకే వైపు ఉండాలని చెప్పి, రెండు మూడు సార్లు ఆమె చేతే పెట్టించండి. వేలికి తగిలేంత దళసరిగా చుక్క పెడితే దీపం లేకపోయినా తడిమి పోల్చుకుంటారు.